ఒకే పేరు, ఒకే తల్లి

కార్ఖానా బస్తీలోని మా చర్చి సంఘంలో నా గొంతు వినని మనిషి లేడు. లెక్క తప్పినా అరిచాను, ఎన్నిక తప్పినా అరిచాను. అందుకే 2009లో, డెబ్బై ఐదేళ్ల పండుగకు పుస్తకం వేసి అందులో ఇక్కడ బాప్తిస్మం పొందిన వాళ్లందరి పేర్లూ అచ్చువేయాలని తీర్మానించినప్పుడు, కార్యదర్శి రిచర్డ్ సార్ నన్నే పిలిచాడు.

"ఒరేయ్ జకర్యా, ఊకె అరుస్తవ్ గదా. గిది చేసి చూపెట్టు."

పాత రిజిస్టరును చెదలు తింటుంటే ఎవరో పెద్దాయన కొత్తదానిలోకి ఎత్తి రాశాడు. టైపు చేసినవాళ్లు తెలివిగా రెండూ టైపు చేశారు. నాలుగు వేల చిల్లర వరసలు. ఒక్కొక్కరూ రెండేసి సార్లు.

నేను కంప్యూటరు ఏ కాలేజీలోనూ చదవలేదు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. పదిహేను లైన్ల ప్రోగ్రాం రాశాను. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఈ మూడూ కలిస్తే ఒకే మనిషి. మొదట దొరికిన వరస ఉంచు, తర్వాతవి తీసెయ్. పుట్టిన తేదీని కావాలనే వదిలేశాను. ఎత్తి రాసినాయన ఒకటిని ఏడు చేశాడు, నెలను రోజు చేశాడు. తేదీ కలిపితే ఒక్కడే మళ్లీ ఇద్దరవుతాడు.

రెండు వేల నూట పద్నాలుగు పేర్లు మిగిలాయి. ఆదివారం ఆరాధన అయ్యాక జాబితా గోడకు అంటించి, తప్పులుంటే చెప్పమన్నాను.

ఎలీసబెతు నవ్వుకుంటూ వచ్చింది. పద్మారావు నగర్ బడిలో లెక్కల టీచరు.

"ఏందన్నా, నన్ను మూడేండ్లు ముసల్దాన్ని చేసినవ్? నేను డెబ్బై నాలుగుల పుట్టిన. గిక్కడ డెబ్బై ఒకటి ఉంది."

"రాసినాయన తప్పయ్యుంటది. మారుస్తా ఆగు," అని పెన్ను తీశాను.

"మార్చకు నాయనా."

వెనకాల వాళ్లమ్మ ప్రేమమణి. భీమవరం వైపు నుంచి పెళ్లయి వచ్చి నలభై ఏళ్లయినా మాట మారలేదు. "అది తప్పు కాదు. అది మా పెద్దది."

"పెద్దదేంది మమ్మీ? అక్క పేరు..." ఎలీసబెతు ఆగిపోయింది. తనకు ముందు ఒక పాప పుట్టి పోయిందని ఆమెకు తెలుసు. ఇంట్లో 'పాప' అనే అనేవాళ్లు. పేరేమిటని ఎప్పుడూ అడగలేదు.

"దానిదీ ఎలీసబెతే. ఎనిమిది నెలలుంది. వాంతులు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. నువ్వు పుట్టాక మీ నాన్న ఆ పేరే పెడదామన్నారు. నేనూ సరేనన్నాను. ఆ పేరుతో పిలవడానికి ఇంట్లో ఎవరో ఒకరుండాలనిపించింది."

నా ప్రోగ్రాంకు ముందు పెద్దది దొరికింది. చిన్నదాన్ని నకలనుకుని తీసేసింది.

రిచర్డ్ సార్ తేలిగ్గా తేల్చేశాడు. "ప్రాబ్లం ఏం లేదమ్మా. ఉన్న అమ్మాయి తేదీ వేద్దాం. పోయిన పాపకు పుస్తకంల పేరెందుకు? రేపు ప్రెస్సుకు పోవాలె."

"దానికి ఫొటో లేదండీ రిచర్డ్ గారూ. సమాధుల తోటలో రాయి పెట్టలేకపోయాం. ఆ చోట ఇప్పుడింకెవరో ఉన్నారు. దాని పేరు రాసుంది మీ రిజిస్టర్లోనే. అదీ కొట్టేస్తే, నేను పోయాక అది పుట్టనట్టే."

నాకు తల కొట్టేసినట్టయింది. మూడు గడులు కలిస్తే ఒకే మనిషని తీర్పు చెప్పింది ఏ పెద్దలూ కాదు, నేనే.

ఆఫీసు గదిలోకి వెళ్లి నాలుగోదిగా తేదీ చేర్చాను. ఎలీసబెతులు ఇద్దరూ వచ్చారు. వాళ్లతో పాటు అరవై ఒక్క వరసలు తిరిగొచ్చాయి.

"చూసినవా? మళ్ల మొదటికొచ్చింది," అన్నాడు రిచర్డ్ సార్. "గిండ్ల ఎవరు ఒకరు, ఎవరు ఇద్దరు? నీ కంప్యూటర్ చెప్తదా?"

"చెప్పదు. అమ్మ చెప్తది."

ప్రేమమణిగారికి కుర్చీ వేసి చదవడం మొదలుపెట్టాను. "జీవరాజు, తల్లి కాంతమణి. పదకొండో తారీఖు మూడో నెల. ఇంకోటి మూడో తారీఖు పదకొండో నెల."

"వాడొక్కడే. ఆ ఒక్కడితోనే కాంతమణికి తల ప్రాణం తోకకొచ్చింది, ఇంకొకడు కూడానా!"

"డోరా."

"ఇద్దరు."

ఆమెకు తెలియనివాళ్ల కోసం ఎలీసబెతు బయట చెట్టు కింద ఉన్న ముసలమ్మలను పిలుచుకొచ్చింది. ఒక్కొక్కరూ వేలు చూపించారు, ఒకటో రెండో. ఒకావిడ రెండు వేళ్లు చూపి, కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

మధ్యలో ఎలీసబెతు తెర మీదికి వంగింది. "మా ఇద్దరిల ఎవరిని పైన పెట్టినవ్?"

"పేరొకటే గదా. ఎట్ల పడితే అట్ల వస్తది."

"అక్కను పైన పెట్టు అన్నా."

పెట్టాను.

నాలుగు గంటలకు ఐదు పేర్లు మిగిలాయి. ఆ తల్లులు లేరు, ఎరిగినవాళ్లూ లేరు.

"గవి కొట్టెయ్," అన్నాడు రిచర్డ్ సార్. "ఒక్కరే అయ్యుంటరు."

"ఇద్దరైతే?"

"ఒక్కరైతే?"

"ఒక్కరైతే పేరు రెండుసార్లు పడ్తది సార్. చదివినోళ్లు నన్ను తిడ్తరు. తిట్టనీయుండ్రి."

ఐదింటినీ ఇద్దరిద్దరుగానే వేశాను.