అన్నెరోజ్ తీపి

"మా అన్నెరోజ్ మహా మెత్తనండీ. తియ్యన కూడా. గొంతులో ఎక్కడా ఎదురు తిరగదు," అన్నాడు హార్ట్‌ముట్, ముంగిట్లో బల్ల చుట్టూ చేరిన అతిథులతో. ఒక్క క్షణం ఆగాడు. ఆగకపోతే ఆ హాస్యం పండదు. "నేను చెబుతున్నది సీసాలో ఉన్నదాని సంగతండోయ్! వంటింట్లో ఉన్నావిడ సంగతి వేరు."

అందరూ గొల్లుమన్నారు. వంటింట్లో ఉన్నావిడ, అతని భార్య అన్నెరోజ్, బంగాళాదుంప సూప్ కలుపుతూ ఆ నవ్వు విన్నది. తన పేరు పెట్టిన వైన్ బయటికొచ్చినప్పట్నుంచీ శనివారం శనివారం వింటూనే ఉంది. మొదట్లో సిగ్గుపడింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత నవ్వినట్టు నటించింది. ఇప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

జర్మనీలో ద్రాక్షతోటల సీమ ఫాల్జ్‌లో తీరుబడి భోజనం అంటే వీళ్ళింట్లోనే అని పేరు. ఒక వైన్ రుచి చూస్తారు, సూప్ తాగుతారు, అందులోకి ప్లమ్ కేకు నంజుకుంటారు, ఇంకో వైన్ అడుగుతారు. పొద్దు వాలినా లేవరు. ఇంతమంది తీరుబడి ఒక మనిషి కాళ్ళలోంచి వస్తోందని ఎవరికీ తట్టదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అతిథుల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే, అత్తగారు హెడ్విగ్ చిరునవ్వుతోనే అన్నది, "కూర్చుంటే నడుముకి అలవాటైపోతుందమ్మాయ్." మామగారు మరీ ఘనుడు. వైన్ చదువు చదివొచ్చిన కోడలని నలుగురికీ చూపించి, "చదువుదేముంది గానీ, గ్లాసులు మాత్రం తళతళా తుడుస్తుంది," అనేవాడు. ఇద్దరూ పోయారు. మాటలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి.

గేటు మీద ఇప్పటికీ 'తండ్రీ కొడుకులు' అనే ఉంది. తండ్రి లేడు, కొడుక్కి నెత్తి నెరిసింది, నేలమాళిగలో వైన్ పని మొత్తం కోడలిది. పోయిన ఏడాది ద్రాక్ష కోతలకి ముందు, ఆ బోర్డు మీద తన పేరు కూడా రాయించమని అడిగింది. హార్ట్‌ముట్ కోప్పడనైనా లేదు. "సీసా మీద నీ పేరే ఉందిగా! ఏ ఆడదానికి పట్టింది అంత భాగ్యం?" అంటూ భుజం తట్టి, టీవీ ముందుకెళ్ళాడు. అతను తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఎంతో ఇచ్చేసినట్టు మురిసిపోయాడే, అదీ ఆమెని కాల్చింది. సరే, సీసా మీద పేరు నాదైతే లోపలున్నదీ నేనే అయి ఉండాలి కదా అనుకుంది.

ద్రాక్షరసం పులుస్తూ పులుస్తూ తన తీపి తానే తినేస్తుంది. ఇంకా తియ్యగా ఉండగానే ట్యాంకుని చల్లబరిచి దాన్ని ఆపెయ్యాలి. ఏటా ఆ చల్లబరిచే మీట నొక్కేది అన్నెరోజే. జనానికి నచ్చే చోట, ఎవరి నాలుకా చురుక్కుమనని చోట, ఆపేసేది. తన మాటలూ అంతే. గొంతు దాకా వచ్చినవాటిని ఎదుటివాళ్ళకి ఇబ్బంది లేని చోట మింగేసేది. పడగ్గదిలో, భోజనాల బల్ల దగ్గర, చివరికి కన్నకూతురి ముందు కూడా. ఆ శరత్కాలంలో మీట మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. రసం తనకి ఇష్టమైనంత కాలం పులిసింది. సీసాల వెనక చిన్న అక్షరాల్లో 'తీపి లేనిది' అని కూడా వేయించింది, దొంగతనం దేనికని. ఆ అక్షరాలు హార్ట్‌ముట్ చదవలేదు. రుచి చూడమంటే, "ఏటా అదేగా!" అని సంతకి వెళ్ళిపోయాడు.

ఇవాళే దాని మొదటి సీసా. అన్నెరోజ్ గరిటె కింద పెట్టి, ఏప్రన్ విప్పి, ముంగిట్లోకి వచ్చింది.

మాన్‌హైమ్ ఊరినుంచి వచ్చిన డాక్టరుగారు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. "మెత్తన అన్నారే? నాలుక ఊడొచ్చిందయ్యా!"

హార్ట్‌ముట్ గబగబా తానూ తాగాడు. మొహం కందగడ్డయింది. "క్షమించాలి, ఈ సీసా చెడిపోయినట్టుంది."

"చెడిపోవడమేంటండీ," అన్నది డాక్టరు భార్య, గ్లాసు ముందుకి జరుపుతూ. "ఇంకాస్త పొయ్యండి."

అన్నెరోజ్ ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. 

హార్ట్‌ముట్ వంగి, పళ్ళ బిగువున అడిగాడు, "ఏం చేశావే దీన్ని? అవతల సూప్ మాడిపోతుంటే ఇక్కడ కూర్చుంటావేంటి?"

"మాడుతుంటే దించు హార్ట్‌ముట్. వడ్డించు కూడా. ఈ వైన్ గురించి నేను చెబుతాను."

అతను అందరి మొహాలూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. చేసేది లేక వంటింటి వైపు నడిచాడు.

అన్నెరోజ్ తన గ్లాసులో తానే పోసుకుని, నింపాదిగా ఒక గుక్క తాగి, అతిథుల వైపు తిరిగింది.

"అన్నెరోజ్ తియ్యన కాదండీ. ఇన్నేళ్ళూ మధ్యలో ఆపేసేవాళ్ళం, అంతే."