వలయం పడని ప్లేటు

కట్టు విప్పగానే ముందు వాసన తగిలింది. నిన్నటికన్నా ఎక్కువైందా, లేక తన భయమే ముక్కుకెక్కిందా, ఆమెకు తేలలేదు. అత్తగారి పాదం ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి పక్కన పుండును గోరువెచ్చటి నీళ్లతో కడిగింది. పొద్దున్నే లేచి నూరిన ఆకు ముద్ద పక్కనే ఉంది. పొయ్యి మీద కూర మాడుతోందేమో, భర్త చొక్కా ఇస్త్రీ కాలేదు, తన ఆఫీసుకు వేళవుతోంది.

"ఇప్పుడు నొప్పే తెలియట్లేదమ్మా," అంది అత్తగారు సంతోషంగా.

షుగరున్న మనిషికి కాలి పుండు నొప్పి తెలియట్లేదంటే అది తగ్గినట్టు కాదు.

ఆమె ఉద్యోగం ఒక పరిశోధనశాలలో. మొక్కల రసాలు ఏ క్రిములను ఆపుతాయో చూడటం ఆమె పని. గాజు ప్లేటులో క్రిములను పరిచి, రసంలో ముంచిన చిన్న కాగితం బిళ్ల మధ్యలో పెడతారు. రసం పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు పెరగక, ఖాళీ వలయం పడుతుంది. ఇప్పుడు పుండుకు పెడుతున్న ఈ చేదాకు రసానికి చక్కటి వలయం పడిన రోజు, వడ్డిస్తూ ఆ మాట ఇంట్లో చెప్పింది. పెళ్లయ్యాక ఆమె పని గురించి భర్త తలెత్తి విన్నది అదే మొదటిసారి. మర్నాటి నుంచి "మా ఆవిడ మందు కనిపెట్టింది" అని బంధువులందరికీ చెప్పుకున్నాడు. ఆ తర్వాత తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లడం మానేశాడు. ప్లేటులో పనిచేసింది ఒంట్లో పనిచేస్తుందని నమ్మకం లేదని, ఇంకా ఎలుక మీద కూడా చూడలేదని ఆమె ఎంత చెప్పినా వినలేదు. "పరాయివాళ్ల కోసమైతే రోజంతా చేస్తావు. మా అమ్మకి రెండాకులు నూరాలంటే బద్ధకం," అన్నాడు. మందు కనిపెట్టినప్పుడు ఆమె 'మా ఆవిడ'. కాదన్నప్పుడు బద్ధకస్తురాలు.

ఆ పొద్దున ముద్ద పెట్టబోయి ఆగింది. దూది పుల్లను పుండుకు తాకించి, గొట్టంలో పెట్టి మూసి, ప్రయోగశాలకు పట్టుకెళ్లి, ఆ క్రిములను ప్లేటులో పరిచి ఆకు రసం బిళ్ల పెట్టింది.

మర్నాడు ప్లేటు తెరిచేసరికి క్రిములు మీగడలా పేరుకుని బిళ్ల మీదికి కూడా పాకి ఉన్నాయి. వలయం జాడే లేదు.

పరిశోధన నడిపే ప్రొఫెసర్ వంగి చూసి, "ఇది మన ప్రయోగంలో లేని క్రిమి. దీన్ని మర్చిపోమ్మా. సదస్సులో నేను మాట్లాడాల్సింది వలయం పడిన వాటి గురించి," అన్నాడు.

"నేను మర్చిపోలేనండి. ఇది మా అత్తగారి కాల్లోది," అంది. సెలవడగలేదు. వెళ్తున్నానని చెప్పింది.

దారిలో భర్తకు ఫోన్ చేస్తే, "మీటింగులో ఉన్నాను. నేనొచ్చేదాకా ఏమీ చెయ్యకు," అని పెట్టేశాడు.

ఇంటికొచ్చి చూస్తే పుండు చుట్టూ ఉన్న ఎరుపు చీలమండ దాటింది. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది.

"వాడొచ్చాక అడుగుదాంలే," అంది అత్తగారు.

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. "అత్తయ్యా, ఆకు పనిచెయ్యట్లేదు. నేనే పరీక్ష చేసి చూశాను. ఆయన్ని కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను. ఆసుపత్రికి వెళ్దామా?"

ఆవిడ దుప్పటి లాగి కాలు కప్పుకుంది. తర్వాత మెల్లగా, "కాలు తీసేస్తారేమోనే. అందుకే బాగుంది బాగుందంటూ వచ్చాను," అంది.

"నాకూ భయంగానే ఉంది."

"అయితే పద. కాస్త పట్టుకో, లేస్తాను."

ఆసుపత్రిలో వేలు తీసెయ్యాల్సి వచ్చింది. పాదం నిలుస్తుందని, ఇంకో రోజు ఆగి ఉంటే చెప్పలేకపోయేవాడినని డాక్టరు అన్నాడు. ఆమె వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. సాయంత్రానికి భర్త గబగబా వచ్చాడు. తల్లి ఎలా ఉందని అడగలేదు. చుట్టూ జనం ఉన్నారని గొంతు తగ్గించి, "ఎవరినడిగి తీసుకొచ్చావు?" అన్నాడు.

ఆమె తల దించలేదు.

"కాలు ఎవరిదో వాళ్లనే అడిగాను," అంది.