‘వస్తాను’ లేని మాట

నేను ఒక టోపీని. ఎండకూ చలికీ పనికొచ్చే టోపీని కాదు. సాగే గుడ్డకు చిన్న చిన్న లోహపు బిళ్ళలు కుట్టి, ఒక్కో బిళ్ళకు ఒక్కో సన్నని తీగ తగిలించి నన్ను తయారుచేశారు. మాట వింటున్న మనిషి మెదడులో కదిలేదాన్ని తెర మీద గీతగా చూపించడం నా పని.

గొప్ప ఉద్యోగం అనుకునేరు. బతుకంతా కంపు. ప్రతి బిళ్ళ కిందా చల్లని జిగురు పూస్తారు. దానికి తలనూనె, చెమట, చుండ్రు కలిసి గోరుతో గీకితేగాని వదలని పాకమవుతుంది. ఒకసారి పేలు కూడా ఎక్కాయి. సాయంత్రం పాత పళ్ళ బ్రష్షుతో తోముతారు. ఆ బ్రష్షు ఎవరి నోట్లోదో తలుచుకోవాలంటేనే భయం.

మొదట ఒక కాలేజీలో ఉండేదాన్ని. పిల్లలు నన్ను పెట్టుకుని ఆవలించేవారు. చెవిలో “కాఫీలో పంచదార వేసుకున్నాను” అంటే గీత నిమ్మళంగా సాగేది. “కాఫీలో చెప్పు వేసుకున్నాను” అంటే అరక్షణంలో ఎగిరిపడేది. మెదడు మాట కంటే ముందు నడుస్తుంది. రాబోయే మాటకు పీట వేసి ఉంచుతుంది. ఆ పీట మీద ఇంకెవరో కూర్చుంటే ఉలిక్కిపడుతుంది.

తర్వాత విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి అమ్మేశారు. అక్కడే పైడితల్లి తల మీదికెక్కాను. చేపల రేవులో గొంతే పెట్టుబడిగా బతికిన మనిషి. పక్షవాతంతో మాట పడిపోయింది. విన్నది అర్థమవుతోందని నేను చూపిస్తే మాట నేర్పే తర్ఫీదు సాగుతుంది, లేకపోతే మంచం వేరేవాళ్ళకిస్తారు. ఆవిడ అక్క నూకాలమ్మ, నేనేదో అమ్మవారి కిరీటమైనట్టు నన్నే చూస్తూ కూర్చుంది.

డాక్టర్ మధురిమ ఆ కాఫీ, చెప్పు వాక్యాలే వినిపించింది. స్పీకరులోంచి వచ్చింది ఎవరో అమ్మాయి ఇస్త్రీ చేసిన గొంతు. గీత కదల్లేదు.

“అర్థమవడం లేదమ్మా. ఇంటికి తీసుకెళ్ళండి,” అంది డాక్టరు, ఫోన్ చూసుకుంటూ.

“అర్దం కాకేటి? ఆ పాప సదువుతున్నట్టుంది గానీ మాటాడినట్టుందేటి? మా రేవులో ఎవులలా మాటాడతారు?” అంది నూకాలమ్మ.

డాక్టరు నవ్వి, నన్ను విప్పడానికి తడిగుడ్డ వెతుక్కుంది. ఆటో మాట్లాడి రావాలని నూకాలమ్మ లేచి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

“పైడీ, నానెల్తున్నాను...”

మిగతాది ఏడుపులో కొట్టుకుపోయింది. పక్క వీధికి వెళ్ళినా మీరు ‘వెళ్ళొస్తాను’ అంటారు. అనకపోతే ఏమవుతుందోనని మీకు భయం. ‘వస్తాను’ అనకుండా గుమ్మం దాటేది పాడె మీది మనిషి ఒక్కడే.

నా కింద ఏదో ఒక్కసారిగా ఎగిసింది. అంత పెద్ద గీత కాలేజీలో కూడా చూడలేదు.

డాక్టరు ఫోన్ పడేసింది. “ఇంకోసారి అనండమ్మా! వెళ్తున్నాను, అంతే. ఒక్కసారైతే లెక్కలోకి రాదు, చాలాసార్లు కావాలి. మధ్యమధ్య వెళ్ళొస్తాను అని కూడా అనండి, తేడా తెలియాలి.”

“సీ! మంచం మీదున్న మనిసి మొకాన ఆ మాట మల్లీ అనమంటావేటమ్మా? మీ అమ్మతో ఎప్పుడైనా అన్నావేటి?”

“అనకపోతే మంచం ఉండదు.”

నూకాలమ్మ అంది. అని, కిటికీలోంచి తూ అని ఉమ్మింది. మళ్ళీ అంది. మళ్ళీ ఉమ్మింది. నోరు ఎండిపోయాక ఉత్త గాలే ఉమ్మింది. ‘ఎల్లొస్తాను’ అన్నప్పుడు గీత పడుకునేది. ‘ఎల్తున్నాను’ అన్నప్పుడల్లా లేచేది. పైడితల్లి కంటి నీరు నా గడ్డం పట్టీలోకి ఇంకుతూనే ఉంది.

“ఒకే మాట పదేపదే వింటే మెదడుకు అలవాటైపోయి గీత తగ్గాలి. తగ్గనేలేదు చూడండి!” అంటూ డాక్టరు చప్పట్లు కొట్టింది.

మంచం దక్కింది. తర్ఫీదు సాగింది. నన్ను మామూలుగానే కుళాయి కింద తోమారు.

ఇప్పుడు తీగలు తెగి, స్టోరు గదిలో విరిగిన చక్రాల కుర్చీ మీద పడి ఉన్నాను. ఎన్నో తలల మురికి మోశాను. ఏదీ ఆ చప్పట్లంత డోకు తెప్పించలేదు. గీత ఎందుకు తగ్గలేదో ఆ రోజు ఎవరూ అడగలేదు. అక్క వెళ్ళిపోతోందని ఆవిడ ప్రతిసారీ నమ్మింది.