ట్యాంకరు పోసిన వాన

నేను ఒక వర్షమాపకాన్ని. చుట్టూ ఖాళీ నేల, నడుమ సిమెంటు పీఠం, నెత్తిన ఇత్తడి అంచు గరాటు, కడుపులో సీసా: ఇంతే నా సామ్రాజ్యం. చక్రవర్తులు సామంతుల దగ్గర కప్పం వసూలు చేసినట్టు నేను ఆకాశం దగ్గర చినుకులు వసూలు చేస్తాను. తేడా ఒక్కటే. వసూలైనదెంతో ఉన్నదున్నట్టు చెబుతాను.

పుణెలో ఒక కార్ఖానాలో పుట్టి, రైలెక్కి, ఎడ్లబండి దిగి, అనంతపురం దాపున నల్లగుట్టపల్లె మెట్టపంటల పరిశోధనా కేంద్రంలో ప్రతిష్ఠితమయ్యాను. ముప్పై ఆరేళ్లలో నన్ను ముగ్గురు చదివారు. మొదటాయన రోజూ గొడుగు వెంటబెట్టుకుని వచ్చేవాడు. దాన్ని విప్పే భాగ్యం అట్టే కలగకుండానే పదవీ విరమణ చేశాడు. రెండో ఆయన సున్నాలు ఎంత అందంగా చుట్టేవాడంటే, వాటిలో కరువు కనిపించేది కాదు. మూడో మనిషి వన్నూరమ్మ. ఉదయం ఎనిమిదిన్నర కాగానే కొలత గీతలున్న గాజు గొట్టంతో వచ్చేది, కొలిచేది, రాసేది. ఆమె సున్నాలు వంకరగా ఉండేవి. నాకు అవే నచ్చేవి.

మా కేంద్రానికి ఒకటే పని: చినుకు లేకుండా నలభై రోజులు ప్రాణం నిలుపుకునే వేరుశనగను తయారు చేయడం. ఇక ప్రభుత్వాలంటారా, అవి విజ్ఞానశాస్త్రాన్ని ఎంతగా గౌరవించాయంటే, దానికి డబ్బిచ్చి అవమానించడానికి ఏనాడూ సాహసించలేదు. శాలువాలు వచ్చాయి. ఏటా విజ్ఞాన దినోత్సవానికి బ్యానర్లు వచ్చాయి. విత్తనాల గదిని చల్లబరిచే యంత్రం చెడిపోయి మూడేళ్లయినా, కొత్తది మాత్రం రాలేదు. విత్తనాలు తడి గోనెల నడుమ తలదాచుకునేవి.

కడకు ఒకనాడు మంత్రిగారు స్వయంగా వస్తున్నారని కబురు. అది వాన లేని ముప్పై ఎనిమిదో రోజు. ఆయన హెలికాప్టర్ దిగడానికి స్థలం వెతికారు. వర్షమాపకం దగ్గర చెట్టుగానీ గోడగానీ ఉండరాదన్నది శాస్త్ర నియమం. కాబట్టి కేంద్రం మొత్తంలో చదునైన బయలు నా సామ్రాజ్యం ఒక్కటే. తెల్లవారగానే దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లించారు. పైపు పట్టుకున్నవాడు ధారాళ హృదయుడు. నా నెత్తినా అభిషేకం చేశాడు. కంచె అవతల ఆ వేరుశనగ పెరుగుతున్న పరీక్ష మడికి మాత్రం చుక్క చేరలేదు.

ఎనిమిదిన్నరకు వన్నూరమ్మ సీసా తీసింది. ముందే వచ్చిన మంత్రిగారి పీఏ వంగి చూసి మురిసిపోయాడు.

"ఏమ్మా, ఎంత పడింది?"

"పడలేదు సార్, పోసినారు. పదిహేడు మిల్లీమీటర్లు పోసినారు."

"అదే రాసుకో. సారు కాలు పెట్టకముందే వాన పడిందని చెప్తే ఎంత బాగుంటాది."

"ట్యాంకరుకు ఈ పుస్తకంలో గడి లేదు సార్."

పీఏ మా అధిపతి డాక్టర్ కులశేఖర్ వైపు తిరిగాడు. కులశేఖర్ ఆమె దగ్గరికి వచ్చాడు.

"వన్నూరమ్మా, ఒక్క రోజే కదమ్మా. ఆయన సంతోషపడితే విత్తనాల గది నిలబడతాది."

"ఇంగ రెండు దినాలుంటే నలభై సార్. ఈ పొద్దు వాన రాస్తే, ఆ చెట్టు దేనికి తట్టుకున్నట్ల? ఆ గదిలో ఏం దాచుకుంటారు మీరు?"

ఆయన కంచె దాకా నడిచి, పరీక్ష మడిని చూసి వచ్చాడు. ఆమె సున్నా చుట్టింది. ఆయన దాని కింద సంతకం చేశాడు.

వేదిక మీద మంత్రిగారు విజ్ఞానాన్ని దేశానికి కన్ను అన్నారు. తన రాక తెలిసి వరుణుడు ముందే దిగివచ్చాడనీ అన్నారు. ఒక విలేకరి మా పుస్తకం చూడాలన్నాడు. మరునాటి పత్రికలో మంత్రిగారి వాన, వన్నూరమ్మ సున్నా పక్కపక్కనే అచ్చయ్యాయి. నలభయ్యో రోజున ఆ మొక్క బతికే ఉంది. ఆ వార్త ఎక్కడా అచ్చు కాలేదు.

నాలుగు నెలలు తిరగకముందే మా కేంద్రాన్ని మరెక్కడో విలీనం చేశారు. 'వాన పడలేదని రాయడానికి ఇంతమంది ఎందుకు?' అని పైన అడిగారట. కులశేఖర్ విత్తనాలను ఊరి రైతులకు పంచి వెళ్లిపోయాడు. నేను విరిగిన కుర్చీల గుట్టలో చేరాను. వేలం జాబితాలో నా బిరుదు: 'పనికిరాని గరాటు, ఒకటి.' పాడేవాడు లేక, నన్ను వన్నూరమ్మకే ఇచ్చేశారు.

ఇప్పుడు ఆమె చేను నడుమ రాళ్ల పీఠం మీద కొలువున్నాను. నా సొట్టలు ఆమె సరిచేయించింది; నా మాటను ఎవరూ సరిచేయలేదు. ఇక్కడికి హెలికాప్టర్ దిగే చోటు లేదు, చుట్టూ ఆ వేరుశనగే. ఈ ఉదయం ఎనిమిదిన్నరకు ఆమె వచ్చి సీసా తీసింది, చూసింది, బడిపిల్లల నోటుపుస్తకంలో వంకర సున్నా చుట్టింది.

వాన లేక ఇది నలభై రెండో రోజు. చేను పచ్చగా ఉంది.