ముగ్గురు సర్దిన కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. అయ్యో పాపం అనకండి, అలా అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. కూలబడిన మనిషిని మళ్లీ లేపి నిలబెట్టడం నా వృత్తి. అందులో నాకు మంచి పేరే ఉంది.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. ఇనప గొట్టాలు వంచి, వెల్డింగ్ చేసి, నల్ల రెగ్జిన్ బిగించారు. నా వీపు వాలుతుంది, లేస్తుంది. పాదాల పలకలు ఊడొస్తాయి. ఎవరికి కావలసినట్టు వాళ్లు సర్దుకోవచ్చని నన్ను అమ్మినాయన గొప్పలు పోయాడు. ఆ గొప్పే తర్వాత నా ప్రాణం మీదికి తెచ్చింది.

మొదట ఒక కల్యాణమండపం వాళ్లు కొన్నారు. పెద్దవాళ్లను భోజనాల దాకా తోసుకెళ్లేవారు, ఫొటోలు తీసేటప్పుడు మాత్రం నన్ను స్తంభం చాటున దాచేవారు. ఆ మండపం మూతపడ్డాక విశాఖపట్నంలో పక్షవాతం రోగులను కోలుకునేలా చేసే కేంద్రానికి చేరాను.

స్టోర్సు చూసే సింహాచలం రంగు డబ్బా పట్టుకొచ్చి, "ఈ కుర్చీ ఎవరిదండీ? పేరు రాసేస్తాను" అన్నాడు. వ్యాయామాలు చేయించే ఫిజియో జోగారావు "మాదే" అన్నాడు. మాటా, మింగడమూ మళ్లీ నేర్పే స్పీచ్ థెరపిస్టు షమీమ్ "మాకివ్వాలి" అంది. హెడ్ నర్సు రాహేలమ్మ "వార్డులో ఉన్నదంతా వార్డుదే" అని తేల్చేసింది. సింహాచలం డబ్బా మూత బిగించి వెళ్లిపోయాడు.

వీళ్లను కలపాలని మేనేజరు గారు అందరికీ ఒకే రంగు టీషర్టులు కుట్టించారు. వేసుకున్నారు, కేకు కోశారు, ఫొటో దిగారు. తర్వాత ఎవరి టిఫిన్ బాక్సు వాళ్లు పట్టుకుని మూడు బల్లల దగ్గర కూర్చున్నారు. ఒకే రంగు మనుషులు మూడు మూలల్లో ఉంటే చూడటానికి భలే ఉంటుంది లెండి.

అప్పుడు వచ్చింది పైడమ్మ. ఫిషింగ్ హార్బరు దగ్గర భోజనాల హోటల్ ఆవిడది. ఎడమ పక్క పడిపోయింది, ముద్ద మింగుడు పడటం లేదు, ముక్కులో గొట్టం. శుక్రవారానికి నోటితో తినలేకపోతే పొట్టకు రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సి వస్తుందని పెద్ద డాక్టరు చెప్పారు.

"పులుసు రుచి సూడకుండా కూడెలా అమ్మీది బాబూ? ఈ గొట్టం తీసీండి, మీకు దండవెడతాను" అని ఆవిడ నత్తినత్తిగా బతిమాలింది.

ముగ్గురూ మంచివాళ్లే, పనిమంతులే. షమీమ్ వచ్చి నా వీపు నిటారుగా నిలిపి, ఆవిడ మెడ వెనక దిండు పెట్టేది. జోగారావు ఆ దిండు లాగేసి, పాదాల పలకలు ఊడదీసి, కాళ్లు నేలకు ఆనించేవాడు. రాహేలమ్మ ఒకేచోట బరువు ఆనితే పుండు పడుతుందని పలకలు బిగించి నన్ను వెనక్కి వాల్చేసేది. తాము సర్దినదాన్ని ఎవరో చెడగొడుతున్నారని ముగ్గురూ వార్డుబాయిలను తిట్టేవారు. ఆ బాయిలు తిట్లకు అలవాటుపడ్డారు కాబట్టి నిజం బయటపడలేదు.

బుధవారం లిఫ్టు చెడిపోయింది. పై అంతస్తుకు పోలేక ముగ్గురూ ఒకేసారి నా దగ్గరే ఆగిపోయారు. దిండు లేదనీ, నేను వాలి ఉన్నాననీ చూసుకోకుండా షమీమ్ చెంచాడు చిక్కటి జావ నోట్లో పెట్టగానే పైడమ్మకు పొలమారింది. ముఖం కందిపోయింది, కళ్లలో నీళ్లు.

"దిండు ఎవరు తీసేస్తున్నారసలు?" అని అరిచింది షమీమ్.

"నేనేనండి. ఏం?" అన్నాడు జోగారావు.

"మరి కుర్చీని వాల్చేది?"

"నేనేనమ్మా" అంది రాహేలమ్మ, గొంతు తగ్గించి.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లను చూసి సిగ్గుపడాలో నవ్వాలో నాకే తెలియలేదు. చివరికి జోగారావు పైడమ్మను మంచం మీదికి మార్చి, తానే నాలో కూలబడ్డాడు. "నాకు పెట్టండి జావ, చూద్దాం" అన్నాడు.

వాల్చి పెడితే దగ్గాడు. పాదాలు గాలిలో వేలాడుతుంటే గుటక కష్టమైంది. పాదాలు నేలకు గట్టిగా ఆనగానే సులువుగా దిగింది. తన కాళ్ల పనికీ షమీమ్ గొంతు పనికీ చుట్టరికం ఉందని అతనికి అప్పుడే తెలిసింది. తర్వాత షమీమ్ కూర్చుంది, ఆ తర్వాత రాహేలమ్మ. తినేటప్పుడు నిటారు, మెడ వెనక దిండు, పాదాలు నేల మీద, ఎడమ చంక కింద మడత తువ్వాలు. తిన్నాక కాసేపు ఆగి వాల్చడం. ఇక ఎవరు వచ్చినా అదే పద్ధతి.

గురువారం పైడమ్మ ఏడు చెంచాల జావ మింగింది. శుక్రవారం పెద్ద డాక్టరు చూసి, పొట్ట గొట్టం మాట మానేశారు. ఆ మధ్యాహ్నం మూడు టిఫిన్ బాక్సులూ ఒకే బల్ల మీద తెరుచుకున్నాయి.

అది మొదలు ఇక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతివాళ్లూ ముందు నాలో కూర్చుని, మిగతావాళ్లు పెట్టే జావ తినాలి. ఎంత పెద్ద చదువైనా మినహాయింపు లేదు. పైడమ్మ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి ఆ తంతు చూసి, "ఆ జావలో ఉప్పు సాల్లేదు" అని ముగ్గురినీ దులిపి పోయింది.

మొన్న నా చక్రం విరిగింది. పాత ఇనుము కొనే మనిషి నన్ను ఎత్తి బండిలో వేయబోతూ, "ఈ కుర్చీ ఎవుల్ది బాబూ?" అని కేకేశాడు.

"మాది! దింపు" అన్నారు నలుగురు ఒక్కసారే. నాలుగో గొంతు కొత్త న్యూరాలజిస్టుది, అందరికంటే గట్టిగా వినబడింది. ఆయన చేరింది ఆ పూటే, మూతికి ఇంకా జావ అంటుకునే ఉంది.