ఏడో అక్షరం

"తలుపేసుకుంటెనే పనైతదా? ఈ ఇంట్ల పట్టపగలు తలుపేసుకున్నోళ్లను నేను సూడలే," వాకిట్లో బియ్యం చెరుగుతూ కొమురవ్వ ఆ పొద్దు మూడోసారి అంది.

"అత్తమ్మా, నిన్న చెప్పిన, మొన్న చెప్పిన. అవి మంది రోగాల కాయితాలు. ఇంకొకరికి కనవడద్దు. కంపెనీ రూలు," గదిలోంచి నవనీత గొంతు.

"అమెరికోళ్ల కాళ్లనొప్పులు నేను సూస్తె నాకంటుకుంటయా?"

"నీకంటుకోవు. నా నౌకరి ఊడుతది."

అరుగు మీద కూర్చున్న మామ హనుమండ్లు కిసుక్కున నవ్వాడు. "గా పిల్లనెందుకు పరేషాన్ చేస్తవే? నీకేమన్న ఇంగ్లీషు వచ్చా?"

"నువ్వు సప్పుడు చెయ్యకు. పక్కింటి బుచ్చవ్వ నన్నడుగుతుంది, కోడలికి పానం మంచిగలేదా అని!"

నవనీత మళ్లీ కీబోర్డు మీదికి వంగింది. నోటిమాట తెగకపోయినా చేతిపని తెగాలి. సుల్తానాబాద్‌లో ఆ చిన్న గదిలో కూర్చుని ఆమె చేసేది ఒక్కటే: ఎక్కడో అమెరికా డాక్టర్లు రాసిన రోగుల కాగితాలు చదివి, బీమా లెక్కల కోసం ఏ జబ్బుకు ఏ కోడో, అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన ఏ గుర్తో, వెయ్యడం. రోజుకు వంద కాగితాలు. నెలకోసారి అందులోంచి వంద ఏరి తనిఖీ చేస్తారు; తొంభై ఐదు సరిగ్గా ఉండాలి. పోయిన నెల తొంభై నాలుగొచ్చింది. ఈ నెలా అంతే వస్తే ఇంటి నుంచి పని బంద్, హైదరాబాద్ ఆఫీసులో కూర్చోవాలి. అంటే నౌకరి వదులుకోవడమే. "ఇంట్ల ఉండి చేస్తనంటె చెయ్యి," అని పెళ్లయిన కొత్తలోనే భర్త పరశురాములు చెప్పాడు.

ఈ నెల లెక్క పొద్దున్నే వచ్చింది. మళ్లీ తొంభై నాలుగు. తప్పని గీత పడ్డ కాగితాల్లో ఒక్కటి సరైనదని తేలినా గట్టెక్కుతుంది. సాయంత్రం ఐదింటి లోపల తనిఖీవాళ్లకు జవాబు రాయాలి.

మొదట్లో ఆమె లావుపాటి కోడ్ పుస్తకాన్ని వేలు తడిపి తిప్పేది. ఒక్కో కాగితానికి పది నిమిషాలు. సాఫ్ట్‌వేర్ వచ్చాక అందరూ డాక్టరు రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసి, పైన కనిపించిన మొదటి కోడ్ నొక్కేసేవాళ్లు. నవనీత అట్లా చెయ్యలేదు. రెండే ముక్కలు కొట్టేది, ఎముక పేరు, విరిగిన చోటు. రెండు వందల కోడ్‌లు ఇరవై అయ్యేవి. కుడిచెయ్యి అని గుర్తు పెడితే నాలుగు మిగిలేవి. అప్పుడు కూడా నొక్కేది కాదు. పక్కన చిన్న అక్షరాల్లో ఉండే సూచనలు తెరిచి చదివేది. అంతా కలిపి మూడు నిమిషాలు.

గీతపడ్డ కాగితాల్లో ఐదు ఆమె తప్పులే, ఒప్పుకుంది. ఆరోది మణికట్టు విరిగిన ఒక ముసలామెది. మొదట ఇంటి దగ్గరి చిన్న దవాఖానలో చెక్క పెట్టి కట్టు కట్టారు. మూడో రోజు పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఆ కోడ్‌లో ఏడో అక్షరం చికిత్స ఏ దశలో ఉందో చెబుతుంది. నవనీత ఆపరేషన్ కాగితానికి మొదటి దశ అక్షరం వేసింది. తనిఖీ చేసినాయన కొట్టేశాడు: రోగి డాక్టరు దగ్గరికి పోవడం ఇది రెండోసారి కదా, తరువాతి దశ వెయ్యాలి.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన పరశురాములు విని, "పెద్దోళ్లతోని కొట్లాటెందుకు? పోతె పోనీ. మనకేం ఫికర్?" అన్నాడు.

"పోనియ్య," అంది నవనీత. "నేను వేసిందే కరెక్టు."

కొమురవ్వ చారు వడ్డిస్తోంది. పోయినేడు ఆమెకూ చెయ్యి విరిగింది. నవనీత అటు తిరిగింది. "అత్తమ్మా, నీకు మొదలు ఊర్ల కట్టు కట్టిండ్రు. తర్వాత కరీంనగర్ల ఆపరేషన్ చేసిండ్రు. నీ వైద్యం, గదే ఇలాజ్, ఎప్పుడు షురూ అయినట్టు?"

"గా కట్టు కట్టుడు గూడ ఇలాజే గద," అంది కొమురవ్వ. "ఆపరేషన్ అయ్యేదాంక ఇలాజ్ నడుసుడే. కుట్లు ఇప్పినంక సూపెట్టుకోను పోయినమే, అది ఏరు. గప్పుడు డాక్టరు సూసి, మంచిగున్నది పో అన్నడు, గంతే."

"మా రూల్ల గూడ గిదే రాసున్నది. ఎన్నోసారి పోయినవన్నది గాదు లెక్క."

"నన్నడిగి రాస్తున్నవా మరి? జీతంల సగం నాకియ్యాలె!"

నవ్వుకుంటూనే నవనీత లేచి చెయ్యి కడుక్కుంది. సాఫ్ట్‌వేర్‌లో సూచనలు తెరిచి ఆ నియమం దగ్గర ఆగింది. అసలు చికిత్స నడుస్తున్నంత కాలం, డాక్టరు మారినా సరే, మొదటి దశ అక్షరమే. ఆ వాక్యాన్ని, పేరా నంబరుతో సహా, జవాబులో పెట్టింది. నాలుగు వరుసల్లో ముగించింది. బతిమాలలేదు, సారీ అని కూడా రాయలేదు.

నాలుగున్నరకు ఫోనొచ్చింది. పై అధికారి షాహీన్ మేడం. కరీంనగర్‌లో కొత్తవాళ్లకు పని నేర్పే సెంటర్ ఆమె చేతికిందే.

"నవనీతా, గీత తీసేసినం. నీది తొంభై ఐదైంది. అరే, అంత జల్ది ఆ రూలు ఎట్ల దొరికింది నీకు? ఇసొంటి గీతే పడ్డ మావోళ్లు ఇద్దరు పొద్దున సంది దేవులాడుతున్నరు."

"దేవులాడలే మేడం. రోజూ చదువుతుంట. ఏది ఎక్కడుందో ఎరుకే."

మేడం అసలు సంగతికి వచ్చింది. "కరీంనగర్ల కొత్త బ్యాచ్ వస్తుంది. పన్నెండు మంది. మొదటి కోడ్ కనవడంగనే నొక్కుడు తప్ప ఏం రాదు వాళ్లకు. మూన్నెల్లు నేర్పుతవా? ఇంట్ల అడిగి రేపు చెప్పు."

నవనీత గోడ గడియారం వంక చూసింది. ఎనిమిదింటి బస్సు, సాయంత్రం ఆరింటికి తిరుగు బస్సు. మనసులోనే లెక్క కుదిరిపోయింది.

"రేపటిదాంక ఎందుకు మేడం? వస్త."

రాత్రి నలుగురూ అన్నాలకు కూర్చున్నారు. పరశురాములు రైసుమిల్లులో తేమ ఎక్కువున్న వడ్ల గురించి చెబుతున్నాడు. ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగి, మామ కంచంలో బెండకాయ కూర వేస్తూ నవనీత అంది:

"సోమవారం సంది నేను కరీంనగర్ పోతున్న. ఎనిమిది బస్సుకు. మూన్నెల్లు కొత్తోళ్లకు పని నేర్పాలె. వస్తనని చెప్పిన."