గేటు దగ్గర రాజాత్తి

ఆలస్యంగా వచ్చిన ఐదో క్లాసు పిల్లకు రిబ్బను ముడి బిగించి, లోపలికి తోసి, రాజాత్తి గేటుకు మళ్లీ గొలుసు వేసింది. కోవిల్‌పట్టిలోని ఆ ఆడపిల్లల బడికి ఆయా ఆమే, కాపలా ఆమే. బక్కపలచని మనిషి. కుడిచేతి వేళ్ల కొసలు మాత్రం నల్లబడి మొద్దుబారి ఉంటాయి. విరుదునగర్ గోడౌన్లలో ఏళ్ల తరబడి మిరపకాయల తొడిమలు తీసిన వేళ్లవి. ఆ ఘాటు ఇంకా వదల్లేదని, వాటితో కళ్లు తుడుచుకోకూడదని ఆమె నమ్మకం. అందుకే అవ్వ ఏడవదని పిల్లలు వేళాకోళం చేస్తారు.

బడి మధ్యలో పిల్లను తీసుకుపోవడానికి ఎవరొచ్చినా, ఆఫీసులో చెప్పి, ఇంటికి ఫోను చేయించాకే గొలుసు తీయాలి. ఈ విషయంలో రాజాత్తి రాయి. కౌన్సిలరంతటివాణ్ణి ఎండలో నిలబెట్టిన ఘనత ఉంది.

భోజనాల బెల్లుకు ముందు కొత్త చొక్కా తొడుక్కుని ఒకతను వచ్చాడు. ఒక పిల్లను పంపమని తమిళంలో అడిగాడు. రాజాత్తి తల అడ్డంగా ఊపింది. ఆమె వాలకం చూసి ఏమనుకున్నాడో, ఇంటి మాటైన తెలుగులోకి దిగాడు.

“అక్కా, మీరు మనవాండ్లేనా? నేను ఎనిమిదో క్లాసు సంగవికి మేనమామను, సురేష్‌కుమార్. ఒట్టపిడారం పక్కన మా ఊరు. పాప అవ్వకు ఒళ్లు సరిలేదు. సీక్రం పంపించండి.”

అంతే, రాయి కరిగింది. రోజంతా తమిళంలో బతికే మనిషికి గేటు బయట తెలుగు వినపడితే పుట్టింటివాళ్లు వచ్చినట్టే. పైగా మేనమామ. వాళ్ల ఇళ్లల్లో మేనమామను ఆపి అడిగేవాళ్లు లేరు. రాజాత్తి ఆఫీసు వైపు పోనే లేదు. తిన్నగా క్లాసుకు పోయి సంగవిని పిలుచుకొచ్చింది.

ఆ పిల్ల మామ ముఖం చూడలేదు. తినని టిఫిన్ డబ్బాను రాజాత్తి చేతిలో పెట్టింది.

“నీ కాడ ఉండనీ అవ్వా.”

“తీస్కపో తల్లీ, దోవలో తిందువు.”

సంగవి అప్పటికే గేటు దాటింది. మామా, పిల్లా బస్టాండు వైపు నడిచారు.

డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. రాజాత్తి దాన్ని స్టూలు మీద పెట్టింది, ఒళ్లో పెట్టుకుంది, మళ్లీ స్టూలు మీదికి చేర్చింది. వేసిన గొలుసునే లాగి చూసింది. అవ్వకు బాగాలేదంటే పిల్ల ఒక్క మాటైనా అడగదా? మంచాన పడ్డ మనిషి కోసం వచ్చినవాడికి కొత్త చొక్కా ఎందుకు?

తనకూ ఒక మేనమామ ఇలాగే వచ్చాడు. శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా పొట్లంతో బడికి వచ్చి, టీచరుకు కాస్త పెట్టి, తనను వెంటబెట్టుకుపోయాడు. తెల్లారి తాళి కట్టాడు. అప్పటికి తనకు పద్నాలుగేళ్లు. తాగాడు, కొట్టాడు, తొందరగానే పోయాడు. తనను మిరపకాయలకు అప్పగించి పోయాడు. ఆనాడు బడిలో ఒక్కరైనా ఆపి ఉంటే అని జీవితమంతా అనుకుంది. ఇవాళ ఆపవలసిన చోట కూర్చున్నది తనే.

ముందు ఉద్యోగం పోతుందన్న భయమే వేసింది, అబద్ధమెందుకు. అయినా లేచి హెడ్‌మిస్ట్రెస్ మహేశ్వరిప్రియ గదికి పరుగెత్తింది.

“తప్పు చేసినానమ్మా. ఫోను చేయకుండా పిల్లను పంపించేసినా.”

కంగారులో తెలుగే వచ్చింది. ఆవిడకు తెలుగు రాదు. మళ్లీ తమిళంలో చెప్పుకోవలసి వచ్చింది.

సంగవి తల్లికి ఫోను కలిసింది. అవ్వ చేలో కలుపు తీస్తోందట. తమ్ముడి పేరెత్తగానే తల్లి భోరుమంది. రేపు విరుదునగర్‌లో అతనితోనే పిల్లకు తాళి కట్టించాలని మగవాళ్లు నిశ్చయించారట, తన మాట ఎవరూ వినలేదట. మహేశ్వరిప్రియ వెంటనే పోలీసులకు, పిల్లల హెల్ప్‌లైనుకు చెప్పింది. ఆ తర్వాత రాజాత్తి కూర్చోలేదు. వరండా ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంది.

విరుదునగర్ దారిలో, సాత్తూరులో పోలీసులు బస్సు ఆపారు. పిల్ల క్షేమం. మామను స్టేషనుకు తీసుకుపోయారు. పిల్లను కొన్నాళ్లు హోంలో ఉంచి, అధికారులు ఇంటివాళ్లతో మాట్లాడాక బడికి పంపుతారట.

హెడ్‌మిస్ట్రెస్ ఊపిరి పీల్చుకుంది. కాసేపటికి, రేపటి నుంచి గేటుకు వేరే మనిషిని పెట్టక తప్పదని నెమ్మదిగా చెప్పింది. రాజాత్తి కాదనలేదు. అడగకుండా తెరుచుకునే గేటు ఎందుకమ్మా అని, తాళంచెవి బల్ల మీద పెట్టింది.

సాయంత్రం బడి ఖాళీ అయింది. డబ్బాలోని అన్నం కాకులకు పెట్టి, కుళాయి దగ్గర కూర్చుని డబ్బా తోమింది. కళ్లు నిండితే ఆ వేళ్లతోనే తుడుచుకుంది. మండలేదు. ఇన్నేళ్లూ ఊరికే భయపడిందన్నమాట. కొంగు దులుపుకుని, వెనక్కి చూడకుండా వీధిలోకి వెళ్లిపోయింది.

గేటు పక్క స్టూలు మీద, లోపలికి వచ్చేవాళ్లకు ముందుగా కనపడేలా, మూత మీద సంగవి పేరు చెక్కిన స్టీలు డబ్బా ఇంకా తడిగానే ఉంది.